సీసా మీద పేరు, కేసులో పేరు



ఈ వరసలో ఇంతకు ముందు చెప్పు గురించి, డప్పు గురించి, చాప గురించి రాశాను. చేసే చెయ్యి ఒకరిది, పేరూ పైసా ఇంకొకరివి అయిన వస్తువుల చరిత్రలు అవి. ఇవాళ సారా గురించి రాస్తున్నాను. ఆ మాట వినగానే మీలో కొందరు మొహం చిట్లిస్తారు. నేనూ చిట్లించినదాన్నే. కారణం కింద చెప్తాను.

మా కాలేజీ ఏజెన్సీ అంచున ఉంటుంది. రెండో సంవత్సరం చదివే ఒక కోయ అమ్మాయి మొన్న క్లాసయ్యాక ఆగి, ఫోన్‌లో ఒక సీసా బొమ్మ చూపించింది. అందమైన సీసా. లేబుల్ మీద చుక్కలతో గీసిన చెట్టు, చెట్టు కింద జింక, కింద సన్నని అక్షరాలు. లోపల ఉన్నది ఇప్పసారా. "మేడమ్, మా అవ్వ కాస్తే నాటుసారా అంటారు. వీళ్లు కాస్తే హెరిటేజ్ అంట. ఎట్టా?" అంది. నవ్వుతూనే అంది. రెండేళ్ల కిందట వాళ్ల అవ్వ కుండలు పగలగొట్టి వెళ్లారు. ఆ సంగతి ఆ పిల్ల అంతకు ముందే ఒకసారి నాకు చెప్పింది.

అప్పటికేదో సర్దిచెప్పాను కానీ, రాత్రి నిద్ర పట్టలేదు. నేను నెల్లూరు జిల్లా మాలపల్లెలో పుట్టాను. నాకు బుద్ధి తెలిసిన మొదటి గొడవ సారా గొడవే. మా అమ్మ, మా పెద్దమ్మ, వాడలో ఆడోళ్లంతా కలిసి సారా ప్యాకెట్లు బజారులో పోసి తగలబెడుతుంటే అరుగు మీద నిలబడి చూశాను. కాలుతున్న ప్లాస్టిక్ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. అలాంటి తల్లి కడుపున పుట్టిన నేను, ఇప్పుడు ఒక సారా సీసాకు మంచి లేబుల్ వేస్తే ఆదివాసీలకు మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు ఏమని జవాబు చెప్పాలి? ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

ముందు ఆ ప్యాకెట్ సంగతి చూద్దాం. మనం డిజైన్ అనే మాటను అందమైన వాటికే వాడతాం. కానీ తెలుగు పల్లెల్లో సారా చరిత్రను మార్చిన అతి పెద్ద డిజైన్ ఆ ప్లాస్టిక్ ప్యాకెట్. 1980లలో రాష్ట్ర ప్రభుత్వం 'వారుణి వాహిని' పేరుతో సారాను తానే ప్యాకెట్లలో నింపి ఊళ్లకు పంపింది. కల్తీ ఉండదు, కొలత సరిగ్గా ఉంటుంది అన్నది చెప్పిన కారణం. జరిగింది వేరు. అంతకు ముందు తాగాలంటే సారా కొట్టు దాకా నడిచి వెళ్లాలి, గ్లాసు పట్టుకుని అక్కడే కూర్చోవాలి. ప్యాకెట్ వచ్చాక సారాయే నడిచి వచ్చింది. జేబులో పడుతుంది, లుంగీ మడతలో పడుతుంది, చేను గట్టు మీదకు వస్తుంది, పళ్లతో చించితే చాలు. కూలి డబ్బులు ఇంటికి చేరే దారిలోనే ఆగిపోయేలా, ఆ దారికి సరిపడా కొలతలో తయారైన వస్తువు అది. 1970-71లో 39 కోట్లున్న రాష్ట్ర అబ్కారీ ఆదాయం 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. ఆ కోట్లలో మా వాడ కూలి ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు.

తర్వాత కథ మీకు తెలుసు. అక్షరదీపం వాచకంలో 'సీతమ్మ కథ' చదివిన ఆడవాళ్లు, 1992లో దూబగుంటలో సారా కొట్టు మూయించిన ఆడవాళ్లు, రోశమ్మ పేరు, జిల్లా జిల్లాకూ పాకిన ఉద్యమం, ఆగిపోయిన వేలంపాటలు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని ఎత్తివేత. తెలుగు సాహిత్యంలో ఈ ఉద్యమం మీద కథలు, పాటలు ఎన్నో వచ్చాయి. వాటిలో చాలా వాటికి సారా ఒక భూతం. సారా కొట్టు యజమాని ఎవరు, వేలం పాడింది ఏ కులం, ప్యాకెట్ నింపింది ఎవరు అన్న ప్రశ్నలు కొన్నింట్లోనే ఉన్నాయి. మా అమ్మకు మాత్రం ఆ తేడా తెలుసు. "మేం తగలబెట్టింది కాంట్రాక్టరు సారాని" అనేది. ఆ మాటకు అర్థం నాకు చాలా ఏళ్లకు, పీహెచ్‌డీ కోసం పాత కాగితాలు తిరగేస్తున్నప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఇప్ప దగ్గరికి వద్దాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పచెట్టు ఆకు రాల్చి పూస్తుంది. పువ్వు రాత్రంతా రాలుతుంది. తెల్లవారకముందే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో చెట్టు కింద ఉంటారు, ఎందుకంటే ఎండెక్కితే పువ్వు వాడుతుంది, పశువులూ ఎలుగులూ తినేస్తాయి. కండగల, తియ్యని పువ్వు. ఎండబెడితే ఎండుద్రాక్షలా అవుతుంది, నిల్వ ఉంటుంది. కరువు నెలల్లో దాన్ని ఉడకబెట్టుకు తిని బతికిన తరాలున్నాయి. పిండిలో కలిపి రొట్టె చేస్తారు. ఇప్పుడు ఆదిలాబాద్ వైపు ఆదివాసీ మహిళా సంఘాలు లడ్డూలు చేసి అమ్ముతున్నాయి. గింజ నుంచి నూనె తీస్తారు. అందుకే ఆదివాసీ గూడెంలో భూమి లెక్క వేరు, ఇప్పచెట్ల లెక్క వేరు. ఏ చెట్టు ఏ ఇంటిదో అందరికీ తెలుసు.

సారా ఆ పువ్వుకున్న ఒక రూపం మాత్రమే. ఎండు పువ్వును నీళ్లలో వేసి కొన్ని రోజులు ఊట పెడతారు. ఊట పులిశాక కుండలో పోసి పొయ్యి మీద పెట్టి, పైన మరో కుండ బోర్లించి, సందులన్నీ మట్టితో మెత్తుతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి వచ్చి, చల్లని నీళ్లలో కూర్చోబెట్టిన ఇంకో కుండలో చుక్క చుక్కగా దిగుతుంది. మంట ఎక్కువైతే మాడు వాసన వస్తుంది, తక్కువైతే దిగదు. ఆ మంట కొలత పుస్తకంలో ఉండదు, ముసలమ్మ చేతిలో ఉంటుంది. మొదటి చుక్కలు నేలకు పోస్తారు, పెద్దలకు. పెళ్లిలో, పండుగలో, చావులో, తగువు తీర్చాక రాజీలో సారా ఉంటుంది. తాగి చెడినవాళ్లు గూడేల్లో లేరని నేను అనడం లేదు, ఉన్నారు, వాళ్ల చేతి దెబ్బలు తిన్న ఆడవాళ్లూ ఉన్నారు. కానీ ఇంట్లో కాచుకునే సారాకూ, రోజూ ప్యాకెట్ అమ్ముకునే సారాకూ మధ్య ఉన్న తేడా ఘాటులో కాదు, ఎవరి చేతిలో ఉందనే దాంట్లో ఉంది.

ఆ చేతిలోంచి దాన్ని లాక్కున్న చరిత్రకు తేదీలున్నాయి. 1878లో బొంబాయి ప్రెసిడెన్సీ అబ్కారీ చట్టం చేసింది. ఊరూరా ఉన్న చిన్న బట్టీలను మూసి, సారా కాచడాన్ని పెద్ద డిస్టిలరీలకు అప్పజెప్పడం దాని పని. పన్ను వసూలు చెయ్యాలంటే కాచేవాళ్లు తక్కువమంది ఉండాలి, కనబడే చోట ఉండాలి. అంటే కాచే హక్కు డబ్బున్న కాంట్రాక్టరుకు, తాగే 'హక్కు' మిగతావాళ్లకు. అయినా ఆదివాసీలు ఇంట్లో కాచుకుంటూనే ఉన్నారు. దాంతో 1892లో ఏకంగా పువ్వు మీదే చట్టం తెచ్చారు. థానా, కొలాబా జిల్లాల్లో ఇప్పపువ్వు దగ్గర పెట్టుకోవడమే నేరమయ్యే చట్టం అది. ఇది పేదల తిండి కదా అని అప్పుడే అడిగినవాళ్లు ఉన్నారు. వినలేదు. ఆ ప్రాంతంలోనే ఉరణ్‌లో పెద్ద డిస్టిలరీలు అదే ఇప్పపువ్వుతో సారా కాస్తున్నాయి. పువ్వు ఒకటే. ఒకచోట అది పరిశ్రమ, ఇంకోచోట సాక్ష్యం.

మన వైపు ఈ గాయం ఇప్పతో కాదు, కల్లుతో తగిలింది. మా కాలేజీకి కొన్ని గంటల ప్రయాణ దూరంలో ఉన్న రంప కొండల్లో జరిగింది. మద్రాసు ప్రభుత్వం కల్లు గీత హక్కును కాంట్రాక్టర్లకు ఇచ్చింది. కొండవాళ్లు తమ చెట్టుకు తాము గీసుకున్న కల్లుకు కూడా పన్ను కట్టాల్సి వచ్చింది. దాని మీద మన్సబుదారు వేసిన 'చిగురుపన్ను' వేరే. 1879 మార్చిలో పితూరీ లేచింది. పోలీసు స్టేషన్లు తగలబడ్డాయి. కారం తమ్మన్నదొర పేరు అప్పటిదే. పాఠ్యపుస్తకాల్లో రంప అనగానే 1922, అల్లూరి వస్తారు. అంతకు నలభై మూడేళ్ల ముందు ఆ కొండల్లో ఆదివాసులే లేపిన తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం చెట్టెక్కి కల్లు గీసుకునే హక్కు అన్న సంగతి మాత్రం ఒక పక్క వాక్యంగా మిగిలిపోయింది. క్షత్రియ వీరుడు దొరికితే గాని మన పుస్తకాలకు కొండ కనబడదు.

ఇంకో తేదీ. 1922 చివర్లో దక్షిణ గుజరాత్ ఆదివాసీ గ్రామాల్లో 'దేవి' ఉద్యమం వచ్చింది. సలాబాయి అనే దేవత పూనకంలో మాట్లాడి, సారా మానండి, కల్లు మానండి, మాంసం మానండి, రోజూ స్నానం చెయ్యండి, సారా అమ్మే పార్సీ కొట్ల వైపు పోకండి, వాళ్ల దగ్గర కూలికి పోకండి అని చెప్పింది. వేలమంది విన్నారు. డేవిడ్ హార్డిమన్ అనే చరిత్రకారుడు దీని మీద పుస్తకమే రాశాడు. చాలాకాలం దీన్ని గాంధీ ప్రభావమనీ, పైకులాలను అనుకరించడమనీ చెప్పుకున్నారు. మాంసం మానమనే మాటలో ఆ వాసన ఉందని నాకూ అనిపిస్తుంది, దాన్ని నేను మెచ్చుకోను. కానీ పార్సీ కొట్టుకు అప్పుపడి భూమి పోగొట్టుకున్న మనిషి సారా మానడమంటే ఆత్మశుద్ధి కాదు, వడ్డీ వ్యాపారి మెడ మీది నుంచి కాలు తీయించడం. దూబగుంటకు డెబ్భై ఏళ్ల ముందు దూబగుంట అది. మా అమ్మ మాట నాకు అక్కడ అర్థమైంది.

అందువల్ల మొదటి తేటపరుపు ఇది. కుండ కాపాడుకోవడం కోసం జరిగిన పోరాటమూ, ప్యాకెట్ తగలబెట్టిన పోరాటమూ ఒకదానికొకటి శత్రువులు కావు. రెంటికీ ఎదురుగా నిలబడింది ఒకడే, వేలంపాట కాంట్రాక్టరు, వాడి వెనక ఖజానా.

స్వాతంత్ర్యం వచ్చాక తెల్లవాళ్ల అబ్కారీ చట్టాల ఎముకలు అలాగే ఉన్నాయి, చర్మం మారింది. 'దేశీ మద్యం' అనే గడిలో ఇప్పను పడేశారు. ఆ గడిలో పడ్డ సరుకు రాష్ట్రం దాటకూడదు, మంచి ధర పలకకూడదు, పెద్ద హోటల్లో కనబడకూడదు. విస్కీ, రమ్ము మాత్రం 'ఇండియాలో తయారైన విదేశీ మద్యం'. ఈ పేరే చూడండి, ఎంత సిగ్గులేని పేరో. మొలాసిస్ స్పిరిట్‌కు రంగు కలిపితే విదేశీ గౌరవం వస్తుంది, అడవి పువ్వును కుండలో కాస్తే దేశీ అవమానం మిగులుతుంది. కులం మనుషులకే ఉంటుందని ఎవరన్నారు?

అయిదో షెడ్యూలు ప్రాంతాలకు 1996లో వచ్చిన పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకం, వాడకం మీద నియంత్రణ, నిషేధం విధించే అధికారాన్ని గ్రామసభకు ఇవ్వాలంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం కూడా ఇవ్వాలంది. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని ఇంకా గట్టిగా చెప్పింది. కాగితం మీద చూస్తే ఇప్పపువ్వు గూడెం ఆస్తి. 2020లో కేంద్రం ఎండు ఇప్పపువ్వుకు కిలోకు 30 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. పువ్వుగా అమ్మితే 30 రూపాయల హక్కు. అదే పువ్వును కాచి అమ్మితే ఆ హక్కు ఎవరిది అన్న దగ్గర చట్టం గొంతు మారుతుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి ఫోన్‌లో చూపిన సీసా దగ్గరికి. లేబుల్ ఒక ఊరిని ఎంత దూరం తీసుకెళ్లగలదు, ఎక్కడ వదిలేస్తుంది అన్నది చూడాలంటే మెక్సికో వెళ్లాలి. ఈ ప్రయోగం అక్కడ ముప్పై ఏళ్లుగా జరుగుతోంది కాబట్టి.

మన చేల గట్ల మీద కనబడే కిత్తనార కుటుంబపు మొక్కల నుంచి వాళ్లు మెస్కాల్ అనే సారా కాస్తారు. ఒహాకా రాష్ట్రంలో జాపోటెక్ ఆదివాసీ గ్రామాలు దానికి పేరు. మొక్క పండడానికి ఏడెనిమిదేళ్లు, కొన్ని రకాలకు ఇంకా ఎక్కువ పడుతుంది. ఆకులు కోసేసి గడ్డను మట్టి గుంటలో వేడి రాళ్ల మీద రోజుల తరబడి ఉడికిస్తారు. గుర్రం లాగే రాతి చక్రంతో గానీ, చెక్క రోకళ్లతో గానీ నలగ్గొడతారు. పులియబెట్టి రాగి బట్టీలో, కొన్ని ఊళ్లలో మట్టి కుండల్లో కాస్తారు. చాలాకాలం పట్నం వాళ్ల దృష్టిలో అది పేదల తాగుడు, పురుగు వేసిన సీసా, నవ్వులాట.

1995లో రాన్ కూపర్ అనే అమెరికన్ చిత్రకారుడు డెల్ మాగే అనే కంపెనీ పెట్టి, ఒక్కో ఊరి మెస్కాల్‌ను ఆ ఊరి పేరుతోనే అమ్మడం మొదలుపెట్టాడు. అందరి సరుకునూ కలిపి ఒకే రుచి చెయ్యలేదు. సీసా మీద ఊరి పేరు పెద్దగా, కెన్ ప్రైస్ అనే పేరున్న కళాకారుడి బొమ్మ. ఇది గొప్ప డిజైన్ నిర్ణయమే. ఒక పేరులేని ఊరు న్యూయార్క్ బల్ల మీద పేరుగా నిలబడింది. తర్వాత వచ్చిన చిన్న సంస్థలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. ఒహాకా నగరంలో మెస్కాలోతెకా అనే చోట సీసా మీద బొమ్మ కన్నా వివరం ముఖ్యం. కాచిన మనిషి పేరు, ఊరు, మొక్క రకం, ఏ బట్టీలో కాచారు, ఎంత కాచారు అన్నీ రాస్తారు. నాకు ఈ లేబుల్ అన్నింటికన్నా నచ్చింది. అది అలంకారం కాదు, సాక్ష్యపత్రం. కాచినవాడు కళాకారుడిలా సంతకం పెట్టినట్టు.

కానీ పేరు విలువైనదైతే పేరు మీద యుద్ధం కూడా వస్తుంది. మెక్సికో ప్రభుత్వం 1994లోనే 'మెస్కాల్' అనే మాటకు భౌగోళిక రక్షణ ఇచ్చింది. ఎంపిక చేసిన రాష్ట్రాల్లో, ప్రమాణాలు పాటించి, ధ్రువీకరణ పొందినవాళ్లే ఆ మాట వాడాలి. ధ్రువీకరణకు డబ్బు కావాలి, పరీక్షలు కావాలి, కాగితాలు కావాలి. తాతల నాటి నుంచి కాస్తున్నవాళ్లలో చాలామంది ఆ గీతకు ఇవతల ఉండిపోయారు. వాళ్ల సీసా మీద 'కిత్తనార సారా' అనే అర్థం వచ్చే మాట రాసుకోవాలి, తమ తాత వాడిన మాట మాత్రం రాసుకోకూడదు. 2015లో అయితే ధ్రువీకరణ లేని సారాలకు 'కోమిల్' అనే ఎవరికీ తెలియని మాట తగిలించాలని ఒక ప్రతిపాదన వచ్చింది. నిరసనలు లేచాయి, ఆ మాట వెనక్కి పోయింది. ఊహించండి, రేపు ఒకరు వచ్చి మీ అవ్వ కాచేది ఇప్పసారా కాదు, దానికి ఇంకో పేరు పెట్టుకోమంటే ఎలా ఉంటుందో. అంటరానివాళ్లకు పేర్లు పెట్టే అధికారం ఎవరి దగ్గర ఉండేదో మనకు చెప్పక్కర్లేదు.

2016 నాటి ప్రమాణాలు 'మెస్కాల్', 'చేతిపని మెస్కాల్', 'పూర్వీకుల మెస్కాల్' అని మూడు రకాలుగా విడగొట్టాయి. మట్టి కుండలో కాచేది మూడోదాంట్లోకి వస్తుంది. పద్ధతిని గుర్తించడం వరకూ ఇది మేలే. 2017లో డెల్ మాగేలో పెద్ద వాటాను పెర్నో రికార్ అనే ఫ్రెంచ్ మద్యం కంపెనీ కొనేసింది. ఊరి పేరు సీసా మీద అలాగే ఉంది. సీసా మాత్రం ఊరిది కాదు.

ఇక మన దేశం. గోవా జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2016లో గోవా ప్రభుత్వం దాన్ని వారసత్వ పానీయంగా ప్రకటించింది. ఇప్ప విషయంలో మొదట సీసా, లేబుల్, మార్కెట్ తెచ్చుకున్నవాళ్లలో డెస్మండ్‌జీ అనే బ్రాండ్ ఒకటి. దానికి మనతో సంబంధం ఉంది. దక్కన్ కిత్తనార నుంచి స్పిరిట్ తీసే ఆ కంపెనీ డిస్టిలరీ చిత్తూరు జిల్లాలోనే ఉంది. 2018లో వాళ్లు ఇప్ప స్పిరిట్‌ను మార్కెట్లోకి తెచ్చారు. ఇప్ప తక్కువ సరుకు కాదని పట్నానికి చూపించారు, అది పనికొచ్చే పనే. కానీ పెట్టుబడి, లాయరు, లైసెన్సు ఉన్నవాళ్లు కాస్తే బ్రాండ్, ఏజెన్సీలో కుండ పెట్టినవాళ్లు కాస్తే దాడి అన్న తేడా ఒక కంపెనీ సదుద్దేశంతో చెరిగేది కాదు.

మధ్యప్రదేశ్ ఇంకోదారి పట్టింది. 2022 అబ్కారీ విధానంలో ఇప్పసారాను 'హెరిటేజ్ లిక్కర్' అంది, కాచే లైసెన్సు ఆదివాసీ స్వయంసహాయక సంఘాలకు ఇచ్చింది. అలీరాజ్‌పూర్ భిల్లుల సంఘం 'మోండ్', డిండోరి గోండుల సంఘం 'మోహులో' అనే పేర్లతో సీసాలు తెచ్చాయి. మహారాష్ట్ర 2021లో ఇప్పపువ్వు సేకరణ, నిల్వ, రవాణా మీద ఆంక్షలు సడలించింది. అక్కడి పాలకుల రాజకీయాలతో నాకు ఏ మాత్రం పొత్తు లేదు. ఆదివాసీని వనవాసి చేసి గుళ్లో కూర్చోబెట్టే వాళ్లే ఈ హెరిటేజ్ అనే మాటనూ వాడుతున్నారు. అయినా లైసెన్సు సంఘం పేరున ఉండడం అనేది గట్టి అడుగు. 1878లో లాక్కున్నదాంట్లో ఒక చిటికెడు తిరిగి వచ్చింది. లాభం ఎవరికి చేరుతోంది, సంఘం లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉంది, సంఘంలో లేని ఇంటి కుండ ఏమైంది అన్నవి ఇక మీద అడగాల్సిన ప్రశ్నలు.

ఇక్కడ డిజైన్ చదివే మన పిల్లలతో ఒక మాట. ఈ మధ్య దళిత, ఆదివాసీ పిల్లలు కూడా డిజైన్ కోర్సులకు వెళ్తున్నారు, సంతోషం. ప్రాజెక్టు అనగానే లేబుల్ గీస్తున్నారు. లేబుల్ మీద గోండు చిత్రకళ. ఆ కళను పట్నానికి తెచ్చింది జన్‌గఢ్ సింగ్ శ్యామ్, ఆయన పర్ధాన్. పర్ధానులు గోండుల ఇళ్ల ముందు కిన్నెర లాంటి బానా వాయించి వంశకథలు పాడి, ఇచ్చింది పుచ్చుకుని బతికిన కులం. ఆ చుక్కలకూ ఒక చరిత్ర ఉంది. పువ్వు ఒకరిది, కుండ ఒకరిది, బొమ్మ ఒకరిది. ఒక్క సీసా మీద ఇంతమంది శ్రమ ఉంటే, వెనక సన్నటి అక్షరాల్లో ఒక కంపెనీ పేరే ఎందుకుంటుంది?

నాకు తెలిసిన మంచి డిజైన్ లేబుల్ మీద లేదు, చెట్టు కింద ఉంది. మామూలుగా పువ్వు ఏరడానికి ముందు చెట్టు కింద ఆకులు తగలబెడతారు, నేల కనబడాలని. దాంతో అడవి అంటుకుంటుంది, పువ్వుకు బూడిద, మట్టి అంటుతుంది, ఏరే ఆడమనిషి నడుము తెల్లారేదాకా వంగే ఉంటుంది. మధ్యభారతంలో కొన్నిచోట్ల ఇప్పుడు చెట్టు కింద నైలాన్ వల కడుతున్నారు. పువ్వు వలలో పడుతుంది, శుభ్రంగా ఉంటుంది, తినే సరుకుగా ఎక్కువ ధర పలుకుతుంది. నిప్పు పెట్టక్కర్లేదు, నడుము వంచక్కర్లేదు. ఈ వలకు ఏ బహుమతీ రాదు, పత్రికలో ఫొటో రాదు. కానీ పువ్వు ఏరే మనిషి పక్కన నిలబడి ఆలోచిస్తే వచ్చిన వస్తువు అది. కట్టెలు తక్కువ తినే పొయ్యి, ఘాటు కొలిచే చవక మీటరు, మొదటి చుక్కలు వేరు చేసి పారబోయడానికి వీలున్న బట్టీ మూత, ఇవీ అలాంటివే. సారా తాగి చచ్చినవాళ్ల గురించి మాట్లాడకుండా వారసత్వం గురించి మాట్లాడడం మోసం. తొందరగా పులియాలని నవసారం కలిపే నాటుసారాను నేను సమర్థించను. దొంగచాటుగా, భయంగా, త్వరగా కాచాల్సి వచ్చినప్పుడే కల్తీ పుడుతుంది.

మిత్రుల్లో ఒకరు అడిగారు, నువ్వు ఇప్పుడు సారాను సమర్థిస్తున్నావా అని. తాగమని నేను ఎవరికీ చెప్పను. గ్రామసభ కూర్చుని మా ఊళ్లో వద్దంటే వద్దు. ఆ సభలో ఆడవాళ్లు కూర్చోవాలి, వాళ్ల మాటే చివరి మాట కావాలి, పెసా ఇచ్చిన హక్కు అది. కాస్తామంటే కాచే హక్కు ఆ ఇంటిదే కావాలి. రెండు మాటలూ ఒకే నోటితో చెప్పగలగాలి. నెల్లూరు మాలపల్లె నుంచి వచ్చినదానిగా మొదటిది చెప్పడం నాకు తేలిక, రెండోది చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది.

పోయిన ఆదివారం ఆ అమ్మాయి ఊరు వెళ్లాను. అవ్వ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకో మీకే అర్థమవుతుంది. ఇంటి వెనక చింతచెట్టు, కింద కొత్త కుండలు బోర్లించి ఉన్నాయి. ఆ పిల్ల నోటు పుస్తకంలో తనే ఒక లేబుల్ గీసింది. జింక లేదు, చుక్కలు లేవు. పైన ఊరి పేరు, కింద అవ్వ పేరు, ఇప్పపువ్వు ఏరిన కొండ పేరు, కాచిన నెల. మెక్సికో కథ నేను క్లాసులో చెప్పాను కదా, దాన్ని పట్టుకుంది. అవ్వకు చదువు రాదు. మనవరాలు వేలు పెట్టి ఒక్కో మాటా చదివి వినిపించింది. తన పేరు దగ్గరికి వచ్చేసరికి అవ్వ ఆ కాగితం చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"పేరు బాగానే ఉందమ్మా. పేరు రాస్తే కేసు ఎవరి మీద రాస్తారు?"